విరిగిన మందు

మా ఇంట్లో నాలుక అనే ఉద్యోగం ఒకటి ఉండేది. జీతం లేదు, సెలవు లేదు, అయినా దానికున్న గౌరవం ఇంట్లో ఇంకే పనికీ లేదు. తోటలో ద్రాక్ష కోతకు వచ్చిందో లేదో తేల్చేది ఆ నాలుకే. తీపి కొలిచే పరికరం ఒకటి షెడ్డులో మేకుకు వేలాడుతూ ఉండేది కానీ, మా మామగారి దృష్టిలో అది గోడకి అలంకారం. వయసుతో ఆయన నాలుక మొద్దుబారాక ఆ పని పెద్దకోడలినైన నాకు అప్పజెప్పారు. పొద్దున్నే ఎండ ఎక్కకముందు పందిళ్ళ కింద వరస వరసలోనూ ఆగి, గుత్తి కొసన ఉన్న పండు తెంపి నోట్లో వేసుకునేదాన్ని. కొసన ఉన్నది అన్నిటికంటే ఆఖరున తీపెక్కుతుంది. అది తియ్యగా ఉంటే గుత్తంతా తియ్యగా ఉన్నట్టే. "రేపు కత్తెర్లు తియ్యండి" అని నేనన్నాక కాదన్న మనిషి లేడు.

ఆ ఏడు ఎండలు ముదురుతుండగా మా మరిది పెళ్ళి చేసుకున్నాడు. తోడికోడలు వచ్చి వారం కాలేదు, సరదాగా తోటలోకి వచ్చి నాలుగు పళ్ళు తిని, "మామయ్యా, ఈ చివరి వరసకి నీళ్ళు ఎక్కువవుతున్నాయేమో, తీపి పలచగా ఉంది" అంది. ఆయన వెళ్ళి చూస్తే అక్కడ నీళ్ళ గొట్టం నిజంగానే పగిలి ఉంది. అంతే. మర్నాడు పొద్దున నేను చెప్పులు వేసుకుంటుంటే, "నువ్వు షెడ్డు చూసుకోమ్మా, తోటకి చిన్నది వెళ్తుందిలే" అన్నారు మామగారు. ఇన్నేళ్ళ ఉద్యోగం పోవడానికి ఆ ఒక్క మాట సరిపోయింది.

నాకు కుళ్ళు. దాచుకోవడం ఎందుకు? మన భాషలో పండు చెడినా కుళ్ళే, మనిషి ఓర్వలేకపోయినా కుళ్ళే. ఆ మాట పెట్టినవాడెవడో గానీ పళ్ళ షెడ్డులో పని చేసినవాడే అయి ఉంటాడు. చిన్నది గర్విష్టి అయినా బాగుండేది, తిట్టుకోవడానికి వీలుండేది. అది నన్ను "అక్కా, అక్కా" అంటూ నా వెనకే తిరిగేది. నేను చేసిన కూర రెండోసారి వడ్డించుకుని తినేది. అలాంటి మనిషి మీద కళ్ళల్లో నిప్పులు పోసుకోవడం ఎంత కష్టమో నన్నడగాలి.

నాలుక పోయినా ఓర్చుకునేదాన్నేమో. నా కూతురు కూడా దాని వైపే పోయింది. దానికప్పుడు ఏడేళ్ళు. చిన్నప్పటి నుంచి పళ్ళు పొడుచుకు తినే అలవాటు చూసి పిచ్చుక అని పిలిచేవాళ్ళం. బడి సెలవులు కావడంతో అది రోజూ పొద్దున్నే పిన్ని వేలు పట్టుకుని తోటలోకి పోయేది. పిన్ని కళ్ళు మూసుకుని రుచి చూస్తే ఇదీ కళ్ళు మూసుకునేది. ఒకరోజు పరుగున వచ్చి, "అమ్మా, నీకు తెలుసా, కొసన ఉన్న పండు ఆఖరున తీపెక్కుతుంది, పిన్ని చెప్పింది" అంది. నేను దానికి ఆ మాట ఎన్నిసార్లు చెప్పానో నాకే లెక్క తెలియదు. నేను చెప్తే గాలికి పోయింది, పిన్ని చెప్తే మంత్రమైంది.

తీపి ముదిరే వేళకి గుత్తుల సందుల్లో పిండినల్లి పట్టింది. దూదిలా తెల్లగా అంటుకుని ఉంటుంది, దాన్ని చూస్తే కొనేవాడు పెట్టె ముట్టడు. మా ఆయన కంగారుగా మందుల కొట్టుకి పోయి కొత్త మందు తెచ్చి తోటంతా కొట్టించాడు. కొట్టువాడు చెప్పింది ఇంటికొచ్చి మాకూ చెప్పాడు. ఆ మందు పైన నిలబడదట, ఆకులోంచీ తొక్కలోంచీ లోపలికి దిగుతుందట, అయినా భయం లేదట, తొందరగా విరిగిపోతుందట.

మా ఇళ్ళల్లో మందు విరగడం అంటే దానిలో విషం చావడం. విరుగుడు అన్న మాట ఉండనే ఉంది. అది విరిగిందో లేదో తెలుసుకోవడానికి మాకున్న కొలత ముక్కు. వాసన ఉన్నన్నాళ్ళూ తోటలోకి ఎవరూ పోకూడదు, వాసన పోతే విరిగినట్టే. సీసా మీద ఎన్నాళ్ళు ఆగాలో చీమతలకాయంత అక్షరాల్లో రాసే ఉంటుంది. అంత చిన్నగా రాశారంటే అది చదవక్కర్లేని సంగతే అయి ఉంటుందని మా ఆయన నమ్మకం. వాసన పోయింది. చిన్నదీ పిచ్చుకా మళ్ళీ పందిళ్ళ కిందకి వెళ్ళారు.

కొన్నాళ్ళకి సాయంత్రం అయ్యేసరికి పిచ్చుక తలనొప్పి అనడం మొదలుపెట్టింది. అన్నం ముందు కూర్చుని అటూ ఇటూ కెలికి లేచిపోయేది. ఒకరోజు వాంతి చేసుకుంది. ఎండదెబ్బ అన్నారు అందరూ. చిన్నది దాన్ని ఒళ్ళో పడుకోబెట్టుకుని కణతలు నొక్కుతూ కూర్చుంది. నా కూతురికి తలనొప్పి వచ్చినా ఆ ఒళ్ళోనే రావాలా అనుకున్నాను. చిన్నదానికి మాత్రం ఈసారి నోట్లో తెగ నీళ్ళూరుతున్నాయి. "ఈ యేడు పండు చూడండి మామయ్యా, తోటలో అడుగు పెడితే చాలు నోరూరిపోతోంది" అని మురిసిపోయింది. ఆయన కూడా మురిసిపోయారు.

అన్నాల దగ్గర నేనొక మాట వేశాను. మందు కొట్టిన తోటలో పిల్లని తిప్పడం నాకిష్టం లేదని. నిజానికి మందు సంగతి నాకేమీ తెలియదు. చేతికి దొరికిన రాయి అది, విసిరాను. మామగారు నవ్వి, నువ్వు ఇన్నేళ్ళు తిన్నావు కదమ్మా నీకేమైంది అన్నారు. గదిలోకి వచ్చాక మా ఆయన ఇంకో పోటు పొడిచాడు.

"అందని ద్రాక్ష పుల్లన అంటారు. నువ్వు ఏకంగా విషం అంటున్నావు."

ఆ మాటకి నాకు కడుపు మండిపోయింది. పట్నంలో సంత దగ్గర పళ్ళలో మందు ఎంత మిగిలిందో పరీక్ష చేసే ల్యాబు ఉందని తెలుసు. ఎవరు తెచ్చినా చూస్తారు. మర్నాడు కుట్టుపని ఉందని చెప్పి, సంచీలో ఒక గుత్తి పెట్టుకుని బయలుదేరాను. పిల్లకి ఏమవుతుందోనని కాదు. చిన్నదాని నాలుకకి మందు రుచి తెలియలేదని నలుగురిలో చూపించాలని.

ల్యాబులో కిటికీ వెనక తెల్లకోటు వేసుకున్న అమ్మాయి ఉంది. నా గుత్తిని చూసి తల అడ్డంగా ఊపింది. ఒక్క గుత్తితో తోట సంగతి తెలియదట, అక్కడక్కడ వేరు వేరు వరసల నుంచి కోసి తేవాలట. మందు పేరు రాసివ్వమంది. ఇంకోరోజు ఇంకో అబద్ధం చెప్పి సంచీ నిండా పట్టుకెళ్ళాను. ఫలితం చూసుకోవడానికి వెళ్ళినరోజు ఆ అమ్మాయి నవ్వుతూ ఎదురొచ్చింది. మీరు రాసిన మందు హద్దులోపలే ఉంది, దాదాపు లేనట్టే అంది. నా మొహం మాడిపోయింది.

"సంతోషించాల్సిన కబురు కదండీ ఇది?" అంది.

"విరిగిపోయిందన్నమాట" అన్నాను నీరసంగా. ఆ మాట దగ్గర తను ఆగింది. చేతిలో కాగితం మళ్ళీ చూసుకుంది, మందు పేరు మరోసారి చదువుకుంది. కొట్టి ఎన్నాళ్ళయిందని అడిగింది. చెప్పాను.

"విరిగిందంటే పోయిందని కాదండీ. ఇంట్లో పాలు విరుగుతాయి. పాలు కనబడవు, నిజమే. కానీ గిన్నె ఖాళీ కాదు కదా? ఈ మందు విరిగితే ఇంకో మందు పుడుతుంది. పుట్టింది దీనికంటే చెడ్డది. మీరు రాసిన పేరు కోసమే వెతికాను నేను. రెండోదాని కోసం మళ్ళీ చూడాలి."

వాసన పోయింది కదా అన్నాను. వాసన మొదటిదానిది, రెండోది అంత వాసన వెయ్యదు అంది. కడిగితే పోదా అన్నాను. పైనున్నది కొంత పోతుంది గానీ లోపలికి దిగింది పోదంది. అప్పుడు తను గొంతు తగ్గించి, ఈ పళ్ళు ఇంట్లో ఎవరైనా తింటున్నారా, ఎవరికైనా తలనొప్పి, వాంతులు, నోట్లో ఊరికే నీళ్ళూరడం లాంటివి ఉన్నాయా అని అడిగింది. నేను ఆ కిటికీ చువ్వ గట్టిగా పట్టుకున్నాను.

రెండోసారి చూస్తే, ఆ కొత్తగా పుట్టిన మందు హద్దుకి చాలా పైన ఉంది. ఆ మాట వినగానే మొదట నాకు కలిగింది ఆనందం. చిన్నది ఓడిపోయింది అనుకున్నాను. ఆ ఆనందం సంత దాటేదాకా ఉంది. బస్సెక్కి కూర్చున్నాక మాత్రం ఆ అమ్మాయి చివర చెప్పింది చెవిలో తిరగడం మొదలైంది. పెద్దవాళ్ళు ఎప్పుడో ఒక గుత్తి తింటే తట్టుకుంటారేమో, చిన్నపిల్లలు వాళ్ళ బరువుకి చాలా ఎక్కువ తింటారు, అదీ రోజూ తింటే ప్రమాదమని. మా పిచ్చుక రోజూ తింటోంది. బస్సులో పక్కనున్నావిడ ఏమైందమ్మా అని అడిగేదాకా నేను ఏడుస్తున్నట్టు నాకే తెలియలేదు.

ఆ పూటే పిల్లని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన రక్తం తీయించి చూసి, పెద్దగా ఏమీ కాలేదు, ఇక ఒక్క పండు కూడా పెట్టకండి, తోటలోకి పోనివ్వకండి, తేరుకుంటుంది అన్నాడు. అక్కణ్ణుంచి నేరుగా షెడ్డుకి వెళ్ళాను. మామగారు, మా ఆయన, చిన్నది ముగ్గురూ అక్కడే ఉన్నారు. రెండురోజుల్లో కోత, పెట్టెలకి కాగితాలు పరుస్తున్నారు. ల్యాబు సంగతి, డాక్టరు సంగతి మొత్తం చెప్పి, కోత ఆపమన్నాను. మామగారు ల్యాబు కాగితం అందుకుని చదవకుండానే మడిచారు.

"చిన్నదాని మీద నీకున్న ఓర్వలేనితనం ఊరంతా తెలుసమ్మా. దాని నాలుక మీద నింద వెయ్యడానికి ల్యాబుదాకా వెళ్ళావా?"

"ఓర్వలేకే వెళ్ళాను మామయ్యా. కుళ్ళుతో చెప్పినంత మాత్రాన నిజం కుళ్ళిపోదు కదా."

మొదటి మందు లేదని అదే ల్యాబువాళ్ళు చెప్పారా లేదా అని మా ఆయన అడిగాడు. చెప్పారన్నాను. మరి ఇంకేమిటన్నాడు. పాల సంగతి చెప్పబోతే మామగారు చెయ్యెత్తి ఆపారు. పండిన పంట పందిరి మీద ఉండగా ఇంట్లో ఆడవాళ్ళ తగువులు తోటలోకి తేవద్దని చెప్పి లేచి వెళ్ళిపోయారు.

చిన్నది మాత్రం ఆయన పెట్టె మీద వదిలేసిన కాగితం తీసుకుని చదివింది. రెండుసార్లు చదివింది. నోరూరడం గురించి మళ్ళీ చెప్పమంది. చెప్పాను. మెల్లగా కొంగుతో పెదాలు తుడుచుకుంది.

"పాపకి నేనే పెట్టాను కదక్కా" అంది.

అవునన్నాను. కొంచెం గట్టిగానే అన్నాను.

కాసేపటికి, "లారీ ఎక్కితే అవతల ఇంకెంతమంది పిచ్చుకలున్నారో" అంది. నాతో అన్నట్టు లేదు.

కోతకని కత్తెర్లు పదును పెట్టించిన పొద్దున చిన్నది ఎప్పటిలాగే తోటలోకి వెళ్ళింది. నేను షెడ్డు గుమ్మంలోంచి చూస్తున్నాను. మొదటి వరసలో పండు తెంపి నోట్లో వేసుకుంది, కళ్ళు మూసుకుంది, మామగారు అటు తిరగ్గానే ఆకుల్లోకి ఉమ్మేసింది. వరసలన్నీ అలాగే తిరిగి వచ్చి, తల దించుకుని, "ఇంకా కాలేదు మామయ్యా" అంది. పండు రంగు చూస్తే చాలు, పక్షులకి కూడా తెలుసు అది పండిందని. ఆయనకి మాత్రం సందేహం రాలేదు. "నువ్వు కాలేదంటే కాలేదు" అని కత్తెర్లు లోపల పెట్టించేశారు.

నేను కాగితంతో, డాక్టరుతో, కన్నీళ్ళతో ఆపలేని కోత అది. చిన్నది రెండు మాటలతో ఆపేసింది. సంతోషించాలి నేను. తోట ఆగింది, నేనడిగిందే అయింది. కానీ ఆ పూట నాకు ముద్ద దిగలేదు. నా నిజానికి లేని విలువ దాని అబద్ధానికి ఉంది. ఇంతకంటే పెద్ద అవమానం ఏ కోడలికీ జరిగి ఉండదని అనుకున్నాను.

పిచ్చుకని తోటకి దూరం చేసింది కూడా అదే. నేను వద్దంటే పిల్ల కింద పడి ఏడ్చింది. చిన్నది దాన్ని పిలిచి, పందిరి మీద పాము తిరుగుతోంది, అది పోయేదాకా మనం షెడ్డులో ఆడుకుందాం అంది. పిల్ల కళ్ళు తుడుచుకుని మహా బుద్ధిగా తలూపింది. వారం తిరిగేసరికి తలనొప్పులు తగ్గాయి, అన్నం అడిగి తినడం మొదలుపెట్టింది. తినిపిస్తుంటే, పాము పోయిందో లేదో పిన్నిని అడిగి రమ్మని నాకే పని చెప్పేది.

ఎండలు అలాగే కాస్తున్నాయి. రోజూ పొద్దున "ఇంకా కాలేదు" అన్న మాట వినడానికి పనివాళ్ళు కూడా షెడ్డు దగ్గర గుంపుగా నిలబడేవాళ్ళు. మొదట ఆశ్చర్యపోయారు, తర్వాత గుసగుసలాడారు, ఆ తర్వాత మొహం మీదే నవ్వారు. తీపి తిని తిని చిన్నకోడలి నాలుకకి తీపే తెలియకుండా పోయిందిరా అన్నాడొకడు. మామగారు ఆ మాట విని విననట్టు ఊరుకున్నారు. చిన్నది కూడా ఊరుకుంది. ఒకరోజు గిన్నెలు తోమే చోట నా పక్కన కూర్చుని, ఇంకోసారి ల్యాబుకి వెళ్ళొస్తారా అక్కా అని అడిగింది. సంచీ తనే సిద్ధం చేసి ఇచ్చింది, అన్ని వరసల్లోంచీ కోసింది. తెల్లకోటు అమ్మాయి రెండింటి కోసమూ వెతికి, ఇప్పుడు రెండూ హద్దులోపలే ఉన్నాయి, అమ్ముకోవచ్చు అంది. నేనింటికొచ్చి చిన్నదానికి తలూపాను. మర్నాడు పొద్దున అది "కొయ్యొచ్చు మామయ్యా" అంది.

పళ్ళు కొనే ఆసామి లారీతో వచ్చాడు. ఏళ్ళ తరబడి మా తోట పండు దూరదేశాలకి పంపించేది ఆయనే. ఒక గుత్తి పైకెత్తి మెల్లగా విదిలించాడు. పళ్ళు టపటపా రాలాయి. తొడిమలు ఎండి గోధుమరంగుకి తిరిగాయి, తొక్క వదులైపోయింది. ఆయన నోట్లో ఒకటి వేసుకుని, "బెల్లం. ఎప్పుడో కొయ్యాల్సింది. ఇది దూరం పోదు పెద్దాయనా, రసం తీసేవాళ్ళకి ఇచ్చుకోండి" అన్నాడు. పనివాళ్ళలో ఎవరో దగ్గారు. మా ఆయన నేలకేసి చూస్తున్నాడు.

మామగారు చిన్నదాని వైపు తిరిగారు. ఆయన గొంతులో కోపం లేదు, అదే భరించలేకపోయాను.

"నీ నాలుకకి ఏమైందమ్మా?"

"తెలియలేదు మామయ్యా" అంది.

నేను ఊరుకోలేకపోయాను. దాని మీద ప్రేమ పుట్టి కాదు. తలవంచుకుని నిలబడిన ఆ నిలబడడం, అన్నీ తన మీద వేసుకున్న ఆ మంచితనం, దాన్ని అలా వదిలేస్తే ఇక జన్మంతా నేను దానికి సాటి రాను. అందరి ముందూ చెప్పేశాను. "దానికి తెలుసు మామయ్యా. పండిందని మొదటిరోజే తెలుసు. నేను మందు ఉందంటే మీరు వినలేదు, అందుకని కావాలనే ఆపింది. మందు పోయాకే కొయ్యమంది."

మామగారు నా వైపు తిరిగారు. ఆయన కళ్ళు చెమ్మగిల్లాయి.

"ఇన్నాళ్ళూ నిన్ను తప్పుగా అనుకున్నానమ్మా. దాని పరువు పోతుంటే వెనకేసుకొస్తున్నావు. నీది పెద్ద మనసు." ఆయన నా తల మీద చెయ్యి వేశారు. "వచ్చే పంట నుంచి తోటకి నువ్వే వెళ్ళు."

ఓర్వలేక చెప్పాను, నమ్మలేదు. ఓర్వలేకే మళ్ళీ చెప్పాను, ఈసారి మంచిదాన్ని చేసి మరీ నమ్మలేదు. చిన్నది తలెత్తి నన్ను చూసింది. పెదవి చివర నవ్వు లాంటిదేదో కనబడింది. వద్దులే అక్కా అన్నట్టు కళ్ళతోనే చెప్పి, లోపలికి వెళ్ళి పెట్టెలు సర్దడం మొదలుపెట్టింది.

సాయంత్రం రసం వాళ్ళ బండి వెళ్ళాక పందిళ్ళు బోసిగా ఉన్నాయి. పిచ్చుక నా చెయ్యి పట్టుకుని వరసల మధ్య నడిచింది. ఎన్నాళ్ళకో అది నా చెయ్యి పట్టుకుంది. చిన్న చెయ్యి, చెమటగా, వెచ్చగా ఉంది. మేం అలా తోట చివరిదాకా వెళ్ళి వెనక్కి తిరిగాం. పనివాళ్ళ మాటలు దాని చెవిన కూడా పడ్డట్టున్నాయి.

"అమ్మా, పిన్ని నాలుక పాడైపోయిందట, నిజమేనా?"

నిజమే అనొచ్చు. ఊరంతా అంటున్న మాటే. అంటే ఆ చెయ్యి ఇంకాసేపు నా చేతిలో ఉండేది, వచ్చే పంటకి తోటలోకి నాతో వచ్చేది, కళ్ళు మూసుకుని రుచి చూడడం నన్ను చూసి నేర్చుకునేది.

"లేదు. మీ పిన్ని నాలుక లాంటిది ఈ ఇంట్లో ఎవరికీ లేదు. పండు పండిందని దానికి అందరికంటే ముందే తెలుసు. నీకు మళ్ళీ తలనొప్పి రాకూడదని చెప్పలేదు" అన్నాను.

ఆ ఏడు నేను చెప్పింది చెప్పినట్టు నమ్మింది అదొక్కతే. దాని మొహం వెలిగిపోయింది. ఆ సంగతి పిన్నికి చెప్పాలని నా చెయ్యి విదిలించుకుని షెడ్డు వైపు పరుగెత్తింది.